మూడో నీళ్ల కాఫీ

అస్కాలేకి కాఫీ అంటే ఎంత ప్రాణమో, కాఫీ ఎక్కడ పుట్టిందని అడిగే మనుషులంటే అంత ఒళ్లుమంట.

ఆమె పనిచేసే కాఫీ పరీక్షశాల బొంగా ఊరి చివర, కొండ దిగే మలుపులో ఉంది. కాఫా అడవుల నుంచి వచ్చే గింజల్ని తూచి, జల్లించి, వేయించి, రుచి చూసి మార్కులు వేసే చోటు అది. వారానికి ఒక్కరైనా మెడలో కెమెరా వేలాడేసుకుని అక్కడ దిగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ప్రపంచంలో మొట్టమొదటి కాఫీ చెట్టు ఎక్కడుంది? రెండో ప్రశ్న మేకల గురించి. కాఫీ పండ్లు తిని మేకలు గంతులేశాయట కదా, ఆ కాపరి మీ ఊరివాడేనా?

కొత్తలో ఆమె ఓపిగ్గా జవాబు చెప్పేది. జిమ్మాలో నాలుగేళ్లు చదివిన జీవశాస్త్రాన్ని గుర్తు చేసుకుని, మొట్టమొదటి చెట్టు అనేది ఎక్కడా ఉండదని, ఒక అడవికి అడవే వేల ఏళ్ల మీద మెల్లగా ఆ జాతిగా మారుతుందని, మొట్టమొదటి మనిషి ఎవరంటే ఎలా చెప్పలేమో ఇదీ అంతేనని వివరించేది. వాళ్ల మొహాలు వాడిపోయేవి. అంత దూరం నుంచి వచ్చింది అడవిని చూడటానికి కాదు, ఒక చెట్టు పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడానికి.

వాళ్ల ముచ్చట తీర్చేవాడు ఆమె తండ్రి అడెరొ. ఊరి నుంచి రెండు గంటల నడక దూరంలో, అడవి అంచున, ఆయనకి కాస్త తోట ఉంది. ఎవరొచ్చి అడిగినా ముందు కూర్చోబెట్టి కాఫీ తాగించి, ఆ తర్వాత అడవిలోకి తీసుకెళ్లి మొట్టమొదటి చెట్టు చూపించేవాడు. చిక్కేమిటంటే, ప్రతిసారీ అది వేరే చెట్టు.

"నాన్నా, మొన్నొచ్చిన వాళ్లకి వాగు పక్క చెట్టు చూపించావు. నిన్న వీళ్లకి గట్టు మీద చెట్టు. అసలు మొట్టమొదటివి ఎన్నున్నాయి మనకి?"

"మొన్నొచ్చినవాళ్లు పెద్దవాళ్లమ్మా, గట్టెక్కలేరు. నిన్నటివాళ్లు కుర్రాళ్లు. ఎవరి కాళ్లకి తగ్గ చెట్టు వాళ్లది."

"మేకల సంగతి అడిగితే ఏం చెప్పావు?"

"మా మేకలు కాఫీ లేకుండానే గంతులేస్తాయి, వాటికది కూడా పట్టిస్తే నేనేమైపోవాలి అన్నాను. తెగ నవ్వారు. పాపం ఉత్తచేతుల్తో పంపబుద్ధి కాక తలో దోసెడు గింజలు పోసి పంపించాను."

అడెరొకి మనిషిని ఉత్తచేతుల్తో పంపడం చేతకాదు. అస్కాలే తల్లి బతికున్నన్నాళ్లూ దీని మీదే ఇంట్లో పోట్లాట. గంప నిండకపోతే పక్కింటి నుంచి తెచ్చయినా నింపి పంపే రకం ఆయన.

అస్కాలే కాఫీ పిచ్చి వేరు. అది ఆమె ఆరో ఏట మొదలైంది.

ఆ రోజుల్లో ఇంట్లో కాఫీ కాచేది నాయనమ్మ షితాయె. దంచిన పొడి ఒక్కసారే పోసి, దాని మీద మూడు విడతలు నీళ్లు పోసి కాచేది, అందరిళ్లలోలాగే. మొదటి విడత అబోల్, అది పెద్దలకి. రెండోది తోనా. మూడోది బరకా, దీవెన నీళ్లు. మూడోదానికి వచ్చేసరికి రంగే తప్ప పస ఉండదు. పిల్లలకి దక్కేది ఆ మూడోదే. ఒకనాడు ఆ మూడో నీళ్లలోనే అస్కాలేకి ఒక వాసన తగిలింది. తేనెపట్టుకి పొగబెట్టి తీసినప్పుడు వేళ్లకి అంటుకునే వాసన, దాని వెనకాల కాఫీ పువ్వు వాసన, ఆ వెనకాల ఇంకేదో పుల్లగా. ఆ పిల్ల కప్పు నాకేసింది.

"మూడోదే ఇలా ఉంటే మొదటిది ఎలా ఉంటుందే నాయనమ్మా?"

"పెద్దదానివయ్యాక పోస్తాలే."

ఆ గింజలు తోటలోవి కావు. తోట దాటి అడవిలోకి పోతే, ఊడలు వేలాడే ఒక పెద్ద మాను నీడలో ఏడు ముసలి కాఫీ చెట్లు ఉండేవి. షితాయె వాటి పండ్లు విడిగా కోసి, విడిగా ఎండబెట్టి, పెద్ద పండగలకే తీసేది. అస్కాలేకి తొమ్మిదేళ్లు వచ్చాక ఆమె పోయింది. అడెరొకి అంత తీరికెక్కడిది? ఆ ఏడింటి పండ్లూ తోట పండ్లతో పాటు ఒకే చాప మీద పడిపోయాయి. అస్కాలే పెద్దదయ్యాక మొదటి విడత కప్పు చేతికొచ్చింది గానీ, ఆ వాసన రాలేదు.

తర్వాత ఆమె పరీక్షశాలలో చేరి, పన్నెండేళ్లలో ఎన్ని వేల రకాల కాఫీ నోట్లో పోసుకుందో లెక్కలేదు. ఆ ఉద్యోగంలో మింగకూడదు. చెంచాతో జుర్రున పీల్చి, నాలుక మీద తిప్పి, ఇత్తడి తొట్టిలోకి ఉమ్మేసి, కాగితం మీద అంకె వేయాలి. అంకెలన్నీ వేసింది. ఆరేళ్లప్పటి ఆ కప్పుకి సరితూగేది ఒక్కటీ తగల్లేదు.

ఈలోగా చెట్లకి ఎండు తెగులు పట్టుకుంది. ఒక కొమ్మ మీద ఆకు పసుపెక్కి వేలాడుతుంది. ఆర్నెల్లలో చెట్టు కట్టెపుల్ల. దానికి మందు లేదు. రెండేళ్లలో ఏడింట్లో మూడు పోయాయి. మిగిలిన నాలుగింట్లో రెంటికి ఒక్కో కొమ్మ వేలాడుతోంది. అస్కాలే రెండుసార్లు కొమ్మలు తెచ్చి కుండీల్లో నాటింది. రెండుసార్లూ కుళ్లాయి. ప్రభుత్వ నర్సరీవాళ్లని అడిగితే వాళ్ల పద్ధతి వాళ్లు చెప్పారు. ఏటా ఒకసారి కూర్చునే రుచి కమిటీ ముందు మూడువందల యాభై గ్రాముల నమూనా పెట్టాలి. మంచి మార్కులొస్తే ఆ చెట్టు వంశాన్ని నర్సరీ పెంచుతుంది. లేదంటే అడవిలో చెట్లు బోలెడు. కిందటేడు కమిటీ కూర్చున్నప్పుడు ఆమె నిండుచూలాలు. ఈసారి తప్పితే వచ్చే ఏటికి చెట్లే ఉండకపోవచ్చు.

అందుకే కోతల ముందు తండ్రిని కూర్చోబెట్టి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఆ నాలుగు చెట్లవీ విడిగా కొయ్యి. విడిగా ఆరబెట్టు. విడిగా దంచి పొట్టు తియ్యి. వేరే చెట్టు గింజ ఒక్కటి కూడా కలవకూడదు. ఎంత వస్తే అంతే."

"నాకు చెప్పాలా అమ్మా అది? మా అమ్మ చెట్లు అవి," అని అడెరొ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఆమె లెక్క ప్రకారం ఆ ముసలి చెట్లకి అరకిలో గింజలు రావాలి. కమిటీకి మూడువందల యాభై పోను మిగిలినదాంట్లోంచి ఒక్క గుప్పెడు, ఒకే ఒక్క గుప్పెడు, తన మొదటి విడత కప్పుకి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భర్త తమిరుకి కూడా. చెబితే నవ్వుతాడని కాదు. ఒక్కతే కూర్చుని కాఫీ తాగాలనుకుంటోందని చెప్పుకోవడం సిగ్గు. దొంగలు కూడా తోడు లేకుండా కాఫీ తాగరని అక్కడి సామెత.

గురువారం కమిటీ. మంగళవారం సాయంత్రం ఆమె పరీక్షశాలలో ఉండగా అడెరొ సంచీ తెచ్చి తమిరుకి అప్పగించి, సంతకి వెళ్తూ మళ్లీ రేపు వస్తానని చెప్పి పోయాడు. బుధవారం మధ్యాహ్నం ఆమెకి సెలవు. తమిరు బడికి, లెక్కలు చెప్పడానికి వెళ్లాడు. పదకొండు నెలల కూతురు రెదియెత్ లోపలి గదిలో నిద్రపోతోంది. అస్కాలే సంచీ మూతి విప్పి తూకం వేసింది.

రెండు కిలోల పైచిలుకు.

అరకిలో రావలసిన చోట రెండు కిలోలా? సైన్సు చదివిన మనిషి అక్కడే ఆగి ఆలోచించాలి. కానీ పాతికేళ్లుగా ఎదురుచూసినదాన్ని ఆశ ఆలోచించనివ్వదు. వానలు బాగా పడ్డాయి కదా అనుకుంది. నీడ పలచబడింది కదా, కాపు పెరిగి ఉంటుందనుకుంది. సంచీలో పైనుంచి ఒక గుప్పెడు తీసి, కడిగి, బొగ్గుల కుంపటి మీద పెనం పెట్టింది.

వాసన బయటికి పోతే కొంప మునుగుతుంది. ఆ వీధిలో కాఫీ వేగే వాసన వచ్చిందంటే పిలుపు వచ్చినట్టే. అందుకే ముందుగదికి తలుపు గడియపెట్టి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ మూసింది. మూసి రెండు నిమిషాలు నిలబడింది. మూసిన గది, నిప్పుల కుంపటి, పక్కగదిలో నిద్రపోతున్న పసిపిల్ల. బొగ్గులు వదిలే విషవాయువుకి రంగుండదు, వాసనుండదు, అది ముందు పట్టుకునేది చిన్న ఊపిరితిత్తుల్నే. ఇది ఆమె చదువుకుంది, పిల్ల పుట్టినప్పటి నుంచి రోజుకి పదిసార్లు గుర్తు చేసుకుంటోంది. పిల్ల గదిలోకి వెళ్లి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వచ్చి, మూసిన కిటికీ తెరిచింది. నాలుగు వేళ్ల మందమే. మళ్లీ ఆలోచించి, పూర్తిగా తెరిచింది.

పెనం దగ్గరికి తిరిగొచ్చి గింజల్ని కదుపుతుంటే ఏదో తేడాగా అనిపించింది. కొన్ని అప్పుడే ఎర్రబడి చిటపటమంటున్నాయి. కొన్ని ఇంకా ఆకుపచ్చ వదల్లేదు. పక్కపక్కనే పెరిగిన ఒకే రకం చెట్ల గింజలు అలా వేగవు. కిటికీ వెలుతురులో అరచేతిలో పోసుకుని చూసింది. రెండు రకాలు. సన్నగా, కొసదేరి, పొట్టిగా ఉన్నవి కొన్నే. లావుగా, వెడల్పుగా, ముచ్చటగా నిగనిగలాడే తోట గింజలు మిగతా అన్నీ.

"అయ్యో నాన్నా," అంది పైకే. "అయ్యో నాన్నా, ఎంత పని చేశావు!"

అప్పుడే తలుపు మీద దబదబా చప్పుడు.

"ఏమే అస్కాలే! పట్టపగలు తలుపేసుకుని కాఫీ వేయిస్తున్నావేంటే? లోపల ఎవర్ని దాచావు?"

ఎదురింటి వుబిత్ గొంతు అది. అరవై ఏళ్లు దాటిన మనిషి కాబట్టి వీధి మొత్తానికీ ఆవిడ ఎతియే, అంటే అక్క లాంటిది. ఆవిడ వెనక పక్కింటి పడుచు అయినాలెం, కొంగు కింద వేయించిన బార్లీ పళ్లెంతో. తలుపు తీయక తప్పలేదు. తడిగుడ్డ తలుపు కింద ఇరుక్కుని చప్పున రాలేదు.

"ఇదేంటి, వరదొస్తుందనుకున్నావా?" అంది అయినాలెం గుడ్డని చూసి.

"ఇది కాఫీ కాదు ఎతియే, ఆఫీసు పని. పరీక్ష కోసం వేయిస్తున్నా."

"మా ఆయన ముప్పై ఏళ్లు ఆఫీసులో చేశాడు. ఒక్కనాడు ఇంత మంచి వాసన మోసుకొచ్చిన పాపాన పోలేదు," అంటూ వుబిత్ పీట లాక్కుని కుంపటి దగ్గర కూర్చుంది. "కానీ, కానీ. మాడిపోతున్నాయి చూడు, కదుపు."

ఏం చేయాలి? గింజలు పెనం మీదున్నాయి, మనుషులు పీటల మీదున్నారు. సన్నగింజలు సరిగ్గా వేగిన చోట దించితే లావువి పచ్చి. లావువి వేగేదాకా ఆగితే సన్నవి బొగ్గు. ఆమె పళ్లు బిగించి ఆగింది. సన్నగింజలు ఒక్కొక్కటే నల్లబడటం చూస్తూ కదిపింది. పెనాన్ని ఇద్దరి ముక్కుల దగ్గరికీ తీసుకెళ్లి పొగ చూపించింది, మర్యాద కదా. ఇద్దరూ కళ్లు మూసుకుని ఆహా అన్నారు. దంచింది. మెడ సన్నటి మట్టి కూజా, జెబెనాలో పోసి కాచింది. పిల్ల లేచి ఏడిస్తే చంకనేసుకుని, కుంపటికి దూరంగా మోచెయ్యి అడ్డం పెట్టి, మొదటి విడత వంచింది.

వుబిత్ కప్పు అందుకుని, కొంగుమూల విప్పి, చిటికెడు ఉప్పు వేసి కలిపింది.

అస్కాలే చెయ్యి అడ్డం పెట్టబోయింది. "ఉప్పెందుకు ఎతియే, ముందు ఉత్తది ఒక్క గుక్క తాగి చూడండి."

"నలభై ఏళ్లుగా ఉప్పేసుకునే తాగుతున్నా. ఇప్పుడు నీకోసం మానాలా?" ఆవిడ గుటక వేసి, అయినాలెం వైపు తిరిగి, సంతలో ఉల్లిగడ్డల సంగతి ఎత్తుకుంది.

"రుచి ఎలా ఉంది?" అస్కాలే ఉండబట్టలేక అడిగింది.

"దేని రుచి?"

"కాఫీదే."

"కాఫీలా ఉంది. కాఫీ మరెలా ఉంటుందే?"

"కాస్త మాడు కొట్టింది అక్కా," అంది అయినాలెం. "మనసు ఎక్కడో పెట్టి వేయించినట్టున్నావు."

అస్కాలే తన కప్పు ఎత్తింది. మాడు. ఆ మాడు కింద తోట కాఫీ, రోజూ తాగేదే, మంచిదే. ఆ కింద ఏదైనా ఉందేమోనని కళ్లు మూసుకుని వెతికింది. ఉన్నట్టే అనిపించింది గానీ, పిల్ల చెయ్యి విసిరి కప్పుని తట్టబోతే పక్కకి జరపడంలో అది కాస్తా జారిపోయింది. మళ్లీ గుక్క వేస్తే మాడే తగిలింది. పాతికేళ్లుగా కాచుకున్న మొదటి విడత కప్పు ఇది. కళ్లలో నీళ్లు తిరిగితే పొగ అని చెప్పింది.

రెండో విడత నడుస్తుండగా అడెరొ వచ్చాడు. గాడిదని గుంజకి కట్టేసి, నవ్వుమొహంతో లోపలికొచ్చి, సంచీ విప్పి ఉండటం చూసి ఇంకా వెలిగిపోయాడు.

"చూశావా గింజలు? ముత్యాలు!"

"నాన్నా, నాలుగు చెట్లకి రెండు కిలోలు ఎలా వచ్చాయి?"

"నాలుగు చెట్లకి ఎంతొచ్చిందనుకున్నావ్? సంచీ అడుగున గలగలలాడింది. అది పట్టుకుని నా కూతురి ఆఫీసుకి ఎలా రానమ్మా? తోట మొత్తం వెతికి ఒక్కొక్క గింజ ఏరి కలిపాను. ఒక్క పుచ్చుందేమో చూపించు!"

"ఒక్క గింజ కూడా కలపొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. విన్నాను. దంచేదాకా అలాగే ఉంచాను కూడా. కానీ సంచీ చేత్తో పట్టుకుంటే నాకే సిగ్గేసింది. అడెరొ ఇంటి నుంచి వెళ్లేది అదేనా?"

"నీ సిగ్గు కోసం..." ఆమె సంచీ మీద చరిచింది. "మార్కులు వేసేది సంచీ నిండిందా లేదా అని కాదు నాన్నా! ఆ చెట్టు ఏంటో తెలియాలని! ఇది చెట్టు కాదు, సంతర్పణ!"

"అరుస్తావేంటే మీ నాన్న మీద," అంది వుబిత్. "నిండుగా తేవడం కూడా తప్పేనా?"

"తప్పే ఎతియే! తప్పే!"

పిల్ల బెదిరి ఏడుపందుకుంది. అడెరొ కప్పు వైపు చూశాడు గానీ తీసుకోలేదు. ముందు కదిలింది వుబిత్. సంచీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, కళ్లతో చూడకుండా బొటనవేలితో దొర్లించింది.

"రెండు రకాలేగా? జిమ్మా గోదాములో ముప్పై ఏళ్లు గింజలేరాను నేను. చాట తీసుకురా."

సాయంత్రం దాకా నలుగురూ ఏరారు. వుబిత్ వేళ్లు కోడి ముక్కులా ఆడాయి. అయినాలెం మాటల్లో పడి లావువి సన్నవాటిలో వేసేది. అస్కాలే మళ్లీ వెతికి తీసేది. అడెరొ అనుమానంగా ఉన్న ప్రతి గింజనీ సన్నవాటి వైపే తోసేవాడు.

"నాన్నా, మళ్లీ నింపుతున్నావు."

"ఇది మధ్యరకం."

"మధ్యరకం లేదు నాన్నా."

మధ్యలో తమిరు బడి నుంచి వచ్చి, గది నిండా చాటలు చూసి, పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు. అంతా అయ్యాక తూకం వేశారు. సన్నవి నూట అరవై రెండు గ్రాములు. కావలసింది మూడువందల యాభై.

"ఇంకేం, తక్కువైనదాంట్లోకి ఈ లావువి కలిపెయ్యి," అన్నాడు అడెరొ నెమ్మదిగా. "ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. తోట గింజకి మార్కులొస్తాయి, నర్సరీలో ఈ చెట్టు మొక్క పెంచుతారు. లేదా తోట గింజ వల్ల మార్కులు పోతాయి, ఈ చెట్టు చస్తుంది. రెండిట్లో ఏదైనా అబద్ధమేగా."

"అయితే ఇదంతా ఎందుకు ఏరించావక్కా?" అయినాలెం నడుం పట్టుకుని నిలబడింది. "పోనీ, ఇప్పుడు సరిగ్గా వేయించు, ఇవే తాగుదాం. పది పన్నెండు కప్పులొస్తాయి. ఇంతసేపు వాయించావు కదా రుచి రుచి అని, మేమూ చూస్తాం."

కుంపట్లో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెనం పక్కనే ఉంది. అస్కాలే గింజల గిన్నె చేతిలో పట్టుకుని నిలబడింది. సన్నగింజలు ఒక్కటే రంగు, ఒక్కటే బరువు, అన్నీ ఒకేసారి చిట్లుతాయి. ఈసారి మాడవు. మొదటి విడత. కమిటీ ఎలాగూ పోయింది. తాగితే తప్పేముంది?

ఆమె మనసు లెక్కల్లో పడింది. గ్రాముకి ఏడో ఎనిమిదో గింజలు. మొత్తం పన్నెండువందలు. పొట్టు తీసి నాలుగు రోజులే అయింది. లోపల ఇంకా తడి ఉంటుంది. ఎండకి కొన్ని చచ్చిపోయి ఉంటాయి, రోకటిపోటుకి కొన్ని. మూడో వంతు బతికున్నా నాలుగువందల మొక్కలు. ఈ జాతి తన పుప్పొడితో తనే కాయ కడుతుంది, బిడ్డ తల్లి పోలికే. కానీ గింజలో ప్రాణం నెలనెలా జారిపోతుంది. వచ్చే నెలకి సగం. వానల నాటికి సున్నా. చెట్ల మీద ఒక్క పండు మిగల్లేదు. వచ్చే ఏటికి చెట్లుంటాయో లేదో.

ఎంత కోపం వచ్చిందంటే, గిన్నె గోడకేసి కొడదామనిపించింది. తండ్రి మీద కాదు, వీధి మీద కాదు. నాలుకకి, బుర్రకి పొత్తు కుదరని తన మీద తనకే. ఆమె కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచి గింజల్లో పోసేసింది.

"ఓసి పిచ్చితల్లీ!" అడెరొ లేచి నిలబడ్డాడు. "కాఫీ గింజల్ని శనగల్లా నానబెడతావా?"

"విత్తనాలు నాన్నా. కాఫీ కాదు."

"మూడో విడత ఇంకా తాగలేదు," అంది వుబిత్. ఆ రోజు దీవెన చెప్పకుండానే కప్పు దించింది.

గురువారం కమిటీ బల్ల మీద ముప్పై ఒక్క నమూనాలున్నాయి. పరీక్షశాల పెద్ద మెకురియా, అందరూ గౌరవంగా గాషే అని పిలిచే ఆయన, జాబితా చదువుతూ అస్కాలే పేరు దగ్గర ఆగాడు. ఆయన నెమ్మదైన మనిషే, కానీ జాబితాలో ఖాళీలంటే పడదు.

"మూడేళ్లుగా ఆ చెట్లు ఆ చెట్లు అని నా చెవి కొరుక్కుతిన్నావు. నమూనా ఏదీ?"

"ఇసకలో ఉందండీ, గాషే."

"ఇసకలో ఉన్నదానికి మార్కులెలా వెయ్యను?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, గడిలో 'రాలేదు' అని రాశాడు. ఆ రోజంతా ఆమె మిగతావాళ్ల ముప్పై ఒక్క కాఫీలూ పీల్చి, ఉమ్మి, అంకెలు వేసింది.

ఆ తర్వాత యాభై మూడు రోజులు ఇంటి వెనక ఇసక మడి ఆమె ప్రాణం తోడేసింది. ఎండెక్కువైతే భయం, నీళ్లెక్కువైతే భయం. కోళ్లు గీరుతాయని వల కట్టింది. పాకడం బాగా వచ్చిన రెదియెత్ వల కింద నుంచి చెయ్యి దూర్చి ఇసక నోట్లో పెట్టుకుంటే, పిల్ల ఇసక మింగిందని ఒక దిగులు, ఎన్ని గింజలు మింగిందోనని ఇంకో దిగులు. ఆ రెండో దిగులు కలిగినందుకు రాత్రంతా తనని తాను తిట్టుకుంది.

యాభై నాలుగో రోజున ఒక మెడ వంగి పైకి లేచింది, తల మీద గింజని టోపీలా మోసుకుని. పక్షం రోజుల్లో మొత్తం లేచినవి అరవై నాలుగు. నాలుగువందలు అనుకున్నచోట అరవై నాలుగు. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. కాపుకి రావాలంటే ఇంకో నాలుగేళ్లు. వానలు మొదలయ్యేసరికి అడవిలో వేలాడే కొమ్మలున్న రెండు చెట్లూ కట్టెలైపోయాయి.

మొక్కలన్నీ ఒకేచోట నాటే ధైర్యం ఆమెకి లేదు. తెగులు ఒక్కదానికి సోకితే వరసంతా పోతుంది. పంచక తప్పదు. తండ్రికి ఇరవై, తన పెరట్లో ఎనిమిది. మిగతావి వీధిలో తొమ్మిది ఇళ్లకి నాలుగేసి. ఇస్తుంటే పిల్లని పరాయింట్లో వదిలిపెడుతున్నట్టు అనిపించింది. ప్రతి మొక్కకీ రేకు ముక్క మీద అంకె వేసి కట్టింది. నీళ్లు ఎన్ని పోయాలో, నీడ ఎంత ఉండాలో కాగితం మీద రాసిచ్చింది. అయినాలెం ఆ కాగితంలో బార్లీ పొట్లం కట్టింది.

"మొక్కని బతికించడం మాకు రాదా? మీ ఆఫీసు పుట్టకముందు అడవిని ఎవరు పెంచారే?" అంది వుబిత్.

ఇప్పుడు అస్కాలే ఆదివారాలు ఇలా గడుస్తాయి. మొక్కలు ఎలా ఉన్నాయో చూసిపోదామని వుబిత్ ఇంటికి వెళ్తుంది. రెండు నిమిషాల పని. ఆకు తిరగేసి చూడాలి, మొదలు దగ్గర మట్టి తాకాలి, అంతే. కానీ గడప తొక్కిన మనిషిని పెరట్లోకి వెళ్లి ఆకు చూసుకుని పొమ్మంటారా ఎవరైనా?

"మమ్మల్ని చూడ్డానికొచ్చావా, ఆ పుల్లల్ని చూడ్డానికొచ్చావా? కూర్చో ముందు."

"ఎతియే, ఇంకా ఎనిమిది ఇళ్లు తిరగాలి..."

"తిరుగుదువుగాని. కూర్చో."

ఆమె పిల్లని ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. తలుపు సందులోంచి పెరడు కనిపిస్తోంది. పదిహేడో నెంబరు మొక్క మొదట్లో బురద, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ, పక్కనే పొయ్యి బూడిద కుప్ప. ఆకు కొస పసుపో, ఎండ వెలుగో ఇక్కడి నుంచి తెలియడం లేదు. లేవబోయింది. వుబిత్ భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

గింజలింకా కడగనేలేదు. వేయించాలి, దంచాలి, మూడు విడతలు కాయాలి.